చీరాల–పేరాల పోరాటం మీద 6–8 తరగతుల పిల్లలకు నవలిక: చరిత్ర ఎంత, కల్పన ఎంత?

కథలపెట్టె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లల కోసం, 1921 నాటి చీరాల–పేరాల పోరాటం నేపథ్యంగా ఒక చారిత్రక నవలిక రాస్తున్నాను. మొదటి ప్రతి దాదాపు పూర్తయింది. ఈ వేదికలో పిల్లల పుస్తకాలు రాసినవారు, అచ్చు వేసినవారు, బడిలో చదివించినవారు ఉన్నారు కాబట్టి నన్ను వేధిస్తున్న కొన్ని సందేహాలను మీ ముందు పెడుతున్నాను.

ఈ పోరాటం గురించి అంతగా తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీగా మార్చింది. దానితో పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. ఎక్కువ మంది నేత పనివారు, చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు అయిన ఆ ఊళ్ళ జనం మాకు మున్సిపాలిటీ వద్దని అర్జీలు పెట్టారు, పన్ను కట్టబోమన్నారు, కొందరు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, మున్సిపాలిటీ హద్దులు దాటి బయటికి వెళ్ళిపోవడం కూడా ఒక దారి అని సూచించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఆ దారినే పట్టారు. సుమారు 15,000 మంది జనాభాలో 13,000 మంది దాకా ఇళ్ళు వదిలి, పొలిమేర అవతల పాకలు వేసుకొని, ఆ చోటికి రామనగరమని పేరు పెట్టుకొని, పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

నా కథ ఒక నేత కుటుంబంలోని పన్నెండేళ్ళ సుబ్బులు చుట్టూ తిరుగుతుంది. ఈ అమ్మాయి, ఆమె కుటుంబం పూర్తిగా కల్పితం. నా సందేహాలు ఇవి. గోపాలకృష్ణయ్య గారిని పాత్రగా ప్రవేశపెట్టినప్పుడు ఆయన నోట నేను కల్పించిన మాటలు పలికించవచ్చునా? మున్సిపాలిటీ పన్ను వంటి పొడి విషయాన్ని పన్నెండేళ్ళ పిల్లలకు విసుగు పుట్టకుండా ఎలా చెప్పాలి? అన్నిటికన్నా పెద్ద సమస్య ముగింపు. చివరికి జనం తిరిగి ఊళ్ళోకి వచ్చారు, మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది. రాతప్రతి చదివిన ఒక మిత్రుడు, రామనగరం కళకళలాడుతున్న రోజుల దగ్గరే కథ ఆపేయమని, పిల్లల పుస్తకం ఓటమితో ముగియకూడదని అంటున్నారు. నాకు అది మింగుడు పడటం లేదు, అయితే దానికి దీటైన సమాధానం కూడా దొరకడం లేదు.

పుటలమధ్య

నమస్కారం. చాలాకాలంగా పిల్లల పుస్తకాలకు సంపాదకత్వం వహిస్తున్నాను కాబట్టి మీ మొదటి ప్రశ్న నాకు బాగా పరిచయమైనదే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రికార్డు ఎక్కడ మౌనంగా ఉందో అక్కడ కల్పించండి, ఎక్కడ మాట్లాడుతోందో అక్కడ మీరు నోరు కట్టేసుకోండి. సుబ్బులు ఇంట్లో ఆ రాత్రి ఏం వండారో, ఆమె నాన్నకూ బాబాయికీ ఎందుకు మాటా మాటా పెరిగిందో ఏ దస్త్రంలోనూ ఉండదు. అది మీ రాజ్యం. గోపాలకృష్ణయ్య గారు వేదిక మీద ఏమన్నారన్నది మాత్రం మీ చేతిలో లేదు. ఆయన మాటలు దొరికిన మేరకు వాడుకోండి. దొరకని చోట ఆయనను దూరంగా నిలబెట్టండి. జనం వెనక నిలబడిన పిల్లకు ఆయన మాటలు సగమే వినిపించడం, ఇంటికి వచ్చాక పెద్దవాళ్ళు వాటిని తలా ఒక తీరుగా చెప్పడం, అందులో ఏది నిజమో ఆమెకు తెలియకపోవడం, ఇవన్నీ కథకు బలాన్నిచ్చేవే. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చి, జానపద కళలంటే ప్రాణం పెట్టి, రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకులను తీర్చిదిద్దిన మనిషి ఊళ్ళో పిల్లలకు ఎలా కనిపించి ఉంటాడన్నది, ఆయన చేత నాలుగు నీతివాక్యాలు చెప్పించడం కన్నా ఎంతో ఆసక్తికరమైన విషయం.

మన పిల్లల చారిత్రక కథల్లో ఒక జాడ్యం ఉంది, దాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. కథానాయకుడైన పిల్లవాడు ప్రతి ప్రసిద్ధ సంఘటనకూ సరిగ్గా సమయానికి హాజరవుతాడు. నాయకుడి ఉత్తరం మోసుకెళ్ళేది వాడే, పోలీసుల రాకను ముందుగా పసిగట్టేది వాడే, చివరికి నాయకుడు భుజం తట్టేదీ వాడినే. ఏడో తరగతి పాఠకుడు అమాయకుడేమీ కాడు, రెండో అధ్యాయానికే ఈ కిటుకు పట్టేస్తాడు. మీ సుబ్బులుకు ఉద్యమంతో సంబంధం లేని సొంత పని ఒకటి, సొంత కోరిక ఒకటి ఇవ్వండి. ఉద్యమం వచ్చి ఆ కోరికకు అడ్డం పడాలి. అప్పుడు ఆమె ఎటు మొగ్గుతుందన్నది కథ అవుతుంది.

ఇంకొక మాట. కాలం ఎంత దగ్గరిదైతే కల్పనకు అంత తక్కువ చోటు ఉంటుంది. చీరాలకు దగ్గరలోనే ఉన్న మోటుపల్లి రేవు మీద, కాకతీయ రాజు గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు ఇచ్చిన అభయశాసనం ఆధారంగా ఎవరైనా కథ రాస్తే, 13వ శతాబ్దపు వ్యాపారి కొడుకును ఎలా కల్పించినా అడిగేవారుండరు. ఓడ మునిగిపోతే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు స్వాధీనం చేసుకోడు, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటాడు అన్న ఒక్క హామీ చుట్టూ మంచి నవల అల్లవచ్చు. చీరాల సంగతి అలా కాదు. ఆ పదకొండు నెలలూ పాకల్లో గడిపినవారి మనవలు, మునిమనవలు నేటికీ అక్కడే ఉన్నారు. వారు మీ పుస్తకం చదువుతారు.

అలాగని పాత కాలం సులువని కూడా అనుకోవద్దు. కాకతీయుల కాలం మీద నా బల్ల మీదికి వచ్చే రాతప్రతుల్లో ఎవరో ఒకరు పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ సంగటి తింటూనే ఉంటారు. మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, పొగాకు అన్నీ పోర్చుగీసువారు మన తీరానికి వచ్చిన తరువాత చేరినవే. రుద్రమదేవి వంటశాలలో కారమంటే మిరియమే. 1921కి ఆ బెడద లేదు గాని దానికి ఉండే చిక్కులు దానికి ఉన్నాయి: ప్లాస్టిక్ బిందె ఉండదు, నయా పైసా ఉండదు, రూపాయికి పదహారణాలు. అణాలు పోయి దశాంశ నాణేలు వచ్చింది 1957లో.

పుస్తకం చివర రెండు పేజీల రచయిత మాట తప్పక పెట్టండి. ఏది జరిగింది, ఏది మీరు కల్పించారు, ఏ తేదీని కథ కోసం జరిపారు అన్నది అందులో దాపరికం లేకుండా చెప్పాలి. పిల్లలు దాన్ని చదవరని చాలామంది రచయితలు అంటారు. నేను చూసినంతలో, కథ నచ్చిన పిల్లలు ముందుగా తిప్పేది ఆ పేజీలనే.

గుంటమగ్గం

నమస్కారమండీ. మాది చీరాల ప్రాంతపు నేత కుటుంబం. నేను రచయితను కాను గాని, సుబ్బులు నేతవారి పిల్ల అన్నారు కాబట్టి రెండు మాటలు చెప్పాలనిపించింది. పైన సంపాదకులు చెప్పిన సొంత పని, సొంత కోరిక మీకు మగ్గం దగ్గరే దొరుకుతాయి.

ఊరు ఖాళీ చేశారని ఒక్క వాక్యంలో రాసేస్తారు అందరూ. నేతగాడికి ఊరు ఖాళీ చేయడమంటే ఏమిటో ఆలోచించండి. గుంట మగ్గాన్ని నేలలో గుంట తవ్వి అమర్చుతారు, నేసేవాడు అంచు మీద కూర్చొని కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతాడు. కర్రలు, అచ్చు, నాడె బండి మీద వేసుకొని పోవచ్చు. గుంటను మాత్రం పోయిన చోట మళ్ళీ తవ్వుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు మగ్గం మీద ఉన్న పడుగు, అంటే నిలువునా సాచి కట్టిన నూలు. నూలు ఎక్కువ మందికి షావుకారు ఇచ్చిందే. సగం నేసిన పడుగును కోసి తీస్తే ఆ నష్టం నేతగాడి నెత్తిన పడుతుంది, పూర్తయ్యేదాకా ఆగితే ఊరంతా వెళ్ళిపోయాక తమ ఇల్లొక్కటే మిగిలిపోతుంది, ఇరుగుపొరుగు ఏమంటారోనన్న బెంగ మొదలవుతుంది. సుబ్బులు నాన్న ఆ పడుగును కోశాడా, ఆగాడా? నాకైతే మీ మొదటి మూడు అధ్యాయాలూ ఇదే.

పన్నెండేళ్ళ పిల్ల ఆ ఇంట్లో ఊరికే కూర్చొని ఉండదు. రాట్నం మీద కండెలు చుట్టేది ఆ వయసు పిల్లలు, ముసలివాళ్ళే. పొద్దున్నే వీధిలో పడుగు చాచి గంజి పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదీ ఉండాలి, పక్కింటివారు కూడా చేయి వేయాలి. అందుకే నేతవారి వీధి మొత్తం ఒకేసారి కదలడం మిగిలినవారి కన్నా తేలికా, మిగిలినవారి కన్నా కష్టం కూడా. ఒక్క కుటుంబం వెనకబడితే వారికి గంజి పెట్టుకోవడానికి తోడు దొరకదు. రామనగరానికి వెళ్ళిన తరువాత వేసవిలో ఖాళీ జాగాకు కొదవ ఉండదు కాబట్టి పడుగులు చాచుకోవడం సులువై ఉంటుంది. వానలు మొదలయ్యాక సంగతి వేరు. మగ్గం గుంటలో చెమ్మ చేరుతుంది, నీరు ఊరితే నేత ఆగిపోతుంది, గంజి పెట్టిన పడుగు ఆరదు. నేతవారికి వానాకాలం మామూలు రోజుల్లోనే ఆకలి కాలం, అలాంటిది కొత్తగా వేసుకున్న పాకలో ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి. ఆ పదకొండు నెలలనూ నెలల పేర్లతో కాక పనితో కొలిస్తే పిల్లలకు బాగా పడుతుందని నా ఉద్దేశం.

చీరాల తేలియా రుమాళ్ళ గురించి కూడా ఒక మాట. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెట్టి, ఆ తరువాత రంగు వేసేవారు. ఆ నూనె వాసన బట్టను వదలదు, పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది. ఆ రుమాళ్ళు సముద్రం దాటి అరబ్బు దేశాల దాకా వెళ్ళేవి. తాము నేసిన గుడ్డ ఓడెక్కి వెళుతుంటే, తాము మాత్రం ఊరి పొలిమేర దాటడానికి ఇంత గొడవ ఎందుకని ఒక పిల్ల అడగదా?

చివరగా మీరు ఆలోచించవలసినది ఒకటుంది. 1921లో పన్నెండేళ్ళ ఆడపిల్లకు చాలా ఇళ్ళలో పెళ్ళి అయిపోయి ఉండేది, లేదా మాటలు నడుస్తూ ఉండేవి. ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం వచ్చిందే 1929లో. దాన్ని దాటవేసి సుబ్బులును నేటి ఏడో తరగతి పిల్లలా తిప్పితే మా అమ్మమ్మల కాలం తెలిసినవారు నవ్వుతారు.

డాలస్‌అమ్మ

మా అమ్మాయి ఇక్కడ ఏడో తరగతి. వారాంతపు తరగతుల్లో తెలుగు నేర్చుకుంది, నెమ్మదిగా చదవగలదు. ఇలాంటి పుస్తకం కోసం నాలాంటివారు ఎదురుచూస్తున్నారని ముందుగా చెప్పాలి. ఇక్కడి బడుల్లో ఈ వయసు పిల్లల చేత చారిత్రక నవలలు పనిగట్టుకొని చదివిస్తారు, చదివాక కథలో ఏది నిజమో వెతికి రాయమంటారు. అందుచేత రచయిత మాట ఉండాలన్న సూచనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

నా వినతులు రెండే. ప్రతి పేజీ అడుగున అర్థాల పట్టిక పెట్టకండి. పడుగు, నాడె, అణా, బేడ వంటి మాటలను పని జరుగుతుండగా చూపిస్తే చాలు, పిల్లలు పట్టుకుంటారు. పట్టిక కనిపిస్తే అది పాఠ్యపుస్తకమని మా అమ్మాయి మూసేస్తుంది. రెండవది, ఒక పటం వేయించండి. చీరాల, పేరాల, రామనగరం, రైలు దారి, సముద్రం అందులో ఉండాలి. అప్పుడది గుంటూరు జిల్లా, 1970 తరువాత ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అంతర్జాలంలో వెతికే పిల్లలకు ఇది గందరగోళంగా ఉంటుంది.

పన్ను సంగతి చెప్పగానే మా అమ్మాయి 1773లో బోస్టన్ ఓడరేవులో తేయాకు పెట్టెలను నీళ్ళలో పారేసిన కథతో పోల్చింది. మాకు ప్రాతినిధ్యం లేని చోట మేము పన్ను కట్టబోమన్న వాదన ఇక్కడి పిల్లలందరికీ నోటికి వచ్చు. చీరాలలో కూడా అదేనా అని అడిగింది. నాకు సరిగా తెలియక, ఇక్కడ అడుగుతున్నాను.

నల్లబల్ల

డాలస్‌అమ్మ గారి ప్రశ్నకు జవాబు చెబితే కథలపెట్టె గారి రెండు సందేహాలు కూడా తీరుతాయేమో చూద్దాం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి విరమించినవాడిని, అందువల్ల కొంచెం పాఠంలా సాగితే మన్నించండి.

బోస్టన్‌తో పోలిక సగం వరకే నడుస్తుంది. 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం రాష్ట్రాల్లో కొన్ని శాఖలు ఎన్నికైన భారతీయ మంత్రుల చేతికి వచ్చాయి, మిగిలినవి గవర్నరు చేతిలోనే ఉండిపోయాయి. దీన్నే ద్వంద్వ ప్రభుత్వమని పాఠాల్లో చెప్పుకుంటాము. మున్సిపాలిటీలు మంత్రుల చేతికి వచ్చిన శాఖ కిందివే. మద్రాసులో అప్పుడు అధికారంలో ఉన్నది జస్టిస్ పార్టీ, ఆ శాఖను చూస్తున్నది పానగల్లు రాజా రామారాయణింగారు. అంటే చీరాల జనం ఎదురు నిలిచింది దొర ఒక్కడికే కాదు, తెలుగువాడే అయిన మంత్రికి కూడా. ఓటు హక్కు ఆస్తి ఉన్న కొద్దిమందికే కాబట్టి నేతగాడికి ఆ మంత్రి తన ప్రతినిధి అనిపించి ఉండదు. పిల్లల పుస్తకంలో ఈ భాగాన్ని తీసేసి, టోపీ పెట్టుకున్న ఒక దుర్మార్గపు కలెక్టరును నిలబెడితే కథ సులువుగా నడుస్తుంది, చరిత్ర మాత్రం పాడవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ చిక్కుముడిని అర్థం చేసుకోలేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తరగతి నాయకుడిని తామే ఎన్నుకొని మరుసటి వారమే వాడితో పోట్లాడే పిల్లలకు ఎన్నికైనవాడు మన మాట వినకపోవడమంటే ఏమిటో బాగా తెలుసు.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. నేటి పిల్లల్లో చాలామంది పుట్టి పెరిగేది మున్సిపాలిటీల్లోనే. కుళాయి నీళ్ళు, వీధి దీపాలు, చెత్త బండి మున్సిపాలిటీ ఇచ్చేవే కదా, మరి వాళ్ళు ఎందుకు వద్దన్నారు అని తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్నే. దానికి జవాబు ఉపన్యాసంలో కాక లెక్కలో చెప్పించండి. సుబ్బులు నాన్న వారానికి ఎన్ని గజాలు నేశాడు, షావుకారు నూలు ఖరీదు పట్టుకోగా చేతికి ఎన్ని అణాలు వచ్చాయి, బియ్యానికి ఎంత, నూనెకు ఎంత, మిగిలిన బేడలోంచి, అంటే రెండణాల్లోంచి, ఇంటిపన్ను ఎలా కట్టాలి అని ఆ పిల్ల చేతనే పలక మీద కూడికలు, తీసివేతలు చేయించండి. అంకెలను మీరు ఆ కాలపు ధరలను చూసి ఎంచుకోవాలి సుమా, ఊహించి వేయకూడదు. ఊరికి నీళ్ళూ దీపాలూ కావాలని నమ్మి మున్సిపాలిటీని సమర్థించే మనిషి ఒకడు కథలో ఉండాలి, అతడిని వెధవగా చూపించకూడదు.

సంపాదకులతో ఒక్క చోట విభేదిస్తున్నాను. నాయకుడిని మరీ అంత దూరంగా నిలబెడితే పిల్లలకు ఆయన ఫోటోలో దండ వేసిన పెద్దమనిషిగానే మిగిలిపోతాడు. కొటేషన్ గుర్తుల మధ్య కల్పిత వాక్యం పెట్టకూడదన్నది సరే. అయితే ఆయన ఏ విషయం మీద మాట్లాడారన్నది పరోక్షంగా చెప్పవచ్చు, పాకల మధ్య నడుస్తూ ఎవరినో పలకరించినట్టు చూపవచ్చు. గాంధీజీ విషయంలో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. ఊరు విడిచి వెళ్ళడమన్నది ఆయన వేసిన ఆజ్ఞగా మన పిల్లల పుస్తకాల్లో కనిపిస్తుంది. అది ఒక దారిగా సూచించినదే, తేల్చుకున్నది ఊరివాళ్ళు. ఆ తేడా పోతే మీ కథలో పెద్దవాళ్ళందరూ ఎవరో చెప్పింది చేసే బొమ్మలవుతారు.

ఇక ముగింపు. రామనగరం కళకళలాడుతున్నప్పుడే ఆపేయమన్న మీ మిత్రుడి సలహాను దయచేసి పాటించకండి. ఆ తరువాత జరిగినవన్నీ కథకు కావలసినవే. గోపాలకృష్ణయ్య గారు బరంపురం వెళ్ళి, ఉపన్యసించరాదన్న నిషేధాన్ని ధిక్కరించినందుకు అరెస్టయ్యారు, ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళారు. నాయకుడు లేడు, డబ్బు లేదు, వానలకు తడిసిన పాకలున్నాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేశారు. ఇవన్నీ జరుగుతుంటే ఒక్కొక్క కుటుంబమే తిరిగి ఊరి దారి పట్టింది. ముందుగా వెళ్ళినవారిని మిగిలినవారు ఏమన్నారు? తాళం తీసి లోపలికి వెళితే ఇల్లెలా ఉంది? పాత మగ్గం గుంట పూడిపోయిందా? ఓడిపోవడమెలా ఉంటుందో పన్నెండేళ్ళ పిల్లలకు మనం చెప్పనక్కరలేదు, ఆటల్లో, పరీక్షల్లో, ఇళ్ళలో వాళ్ళకు అది తెలిసిందే. పెద్దవాళ్ళు కూడా ఓడిపోతారని, ఓడిపోయిన మర్నాడు కూడా పనికి కూర్చుంటారని చదవడం వారికి కొత్త. మీ మిత్రుడు భయపడుతున్నది పిల్లల తరఫున కాదేమో, పుస్తకం కొనే పెద్దల తరఫునేమో కనుక్కోండి.

గుంటమగ్గం

నల్లబల్ల గారు చెప్పినదానికి చిన్న చేర్పు. 15,000లో 13,000 మంది వెళ్ళారని అందరం గర్వంగా చెప్పుకుంటాము. మిగిలిన రెండు వేల మంది సంగతి ఎవరూ రాయరు. అంతమంది ఉండిపోయారంటే అందులో రోగులుంటారు, బాలింతలుంటారు, షావుకారుకు బాకీ పడి కదలలేనివారుంటారు, ప్రభుత్వ కొలువులో ఉన్నవారుంటారు, మున్సిపాలిటీ మంచిదేనని నమ్మినవారు కూడా ఉంటారు. సుబ్బులు స్నేహితురాలి ఇల్లు అందులో ఒకటైతే? పొలిమేరకు అటూ ఇటూ ఇద్దరు పిల్లలు, మధ్యలో పెద్దల మాటలు. నాయకుడి ఉత్తరం మోసే పిల్ల కన్నా ఈ కథ నాకు బాగుంటుంది.

కథలపెట్టె

ఇంత ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఉండిపోయినవారి ఇల్లు అన్న ఆలోచన రాగానే నా రాతప్రతిలో నాలుగో అధ్యాయం నుంచి మొత్తం కదిలింది. సుబ్బులుతో కలిసి కండెలు చుట్టే రాజ్యం అనే పిల్లను ఇప్పటిదాకా ఊరికే ఒక తోడుగా పెట్టుకున్నాను. ఇప్పుడు రాజ్యం తండ్రి మున్సిపాలిటీలో గుమాస్తా అవుతాడు, జీతం మీద బతికేవాడు, ఊరి వీధులు శుభ్రంగా ఉండాలని నిజంగానే కోరుకునేవాడు. నల్లబల్ల గారు అడిగిన మనిషి కూడా ఆయనే. కథ జనం తిరిగి వచ్చిన తరువాత కూడా రెండు అధ్యాయాలు సాగుతుంది. మిత్రుడికి ఈ చర్చ మొత్తం పంపిస్తున్నాను.

నాయకుడి మాటల విషయంలో ఇద్దరి సలహానూ కలుపుతాను. ఆయన వేదిక మీద ఉన్నప్పుడు దూరంగానే ఉంటారు, పాకల మధ్య ఒకే ఒక్కసారి దగ్గరగా కనిపిస్తారు, అక్కడ కూడా ఆయన మాటను సుబ్బులు తన మాటల్లో చెబుతుంది.

పెళ్ళి విషయంలో మాత్రం నాకింకా తర్జనభర్జనగానే ఉంది. సుబ్బులుకు పెళ్ళి మాటలు నడుస్తున్నట్టు పెడితే కథ మొత్తాన్ని అదే మింగేస్తుందేమోనని భయం. ఆ సమస్యను ఎత్తుకొని ఊరికే వదిలేయడం అంతకన్నా తప్పు. సుబ్బులు అక్కకు పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిందనీ, ఆ అత్తవారు ఊళ్ళోనే ఉండిపోయారనీ పెడితే సరిపోతుందా? కాలం తెలుస్తుంది, పొలిమేర గీత ఇంటి మధ్యలోంచి కూడా పోతుంది. మీరంతా ఏమంటారు? అలాగే, ఆనాటి ధరలు, అర్జీల సంగతులు వెతకడానికి ముందుగా ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పండి.

పుటలమధ్య

అక్క ఆలోచన బాగుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఆ అక్క వయసు ఎంతో ఎక్కడా దాచకండి. పద్నాలుగు అని రాస్తే చాలు, వ్యాఖ్యానం అక్కరలేదు, చదివే పిల్ల తన వయసుతో తానే లెక్కవేసుకుంటుంది. నాయకుడి గురించి నల్లబల్ల గారు చెప్పిన పరోక్ష కథనానికి నాకు అభ్యంతరం లేదు, కొటేషన్ గుర్తులు లేనంత వరకు.

వెతుకులాటను చీరాల పక్కనే ఉన్న వేటపాలెంలో మొదలుపెట్టండి. 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలను జాగ్రత్త చేసి ఉంచారు. మద్రాసు నుంచి వెలువడిన ఆంధ్రపత్రిక, బందరు నుంచి వెలువడిన కృష్ణాపత్రిక 1921, 1922 సంచికల్లో ఏవేవి అందుబాటులో ఉన్నాయో ముందే అడిగి తెలుసుకొని వెళ్ళండి. రెండు పత్రికలూ ఉద్యమం పక్షాన నిలిచినవే కాబట్టి, ప్రభుత్వం వైపు వాదన కోసం మద్రాసు శాసనమండలి చర్చల సంపుటాలు కూడా చూడాలి. రాజ్యం తండ్రి మాట్లాడవలసిన మాటలు మీకు అక్కడే దొరుకుతాయి. వార్తలతో పాటు ప్రకటనలను కూడా రాసుకోండి. బియ్యం, నూలు, కిరసనాయిలు ధరల జాడ ఎక్కువగా వాటిలోనే ఉంటుంది. పత్రికల భాష బరువైన గ్రాంథికం, దాన్ని మీ పాత్రల నోటికి అంటనివ్వకండి. ఇంట్లో సుబ్బులు వాళ్ళు మాట్లాడే తీరుకు గుంటమగ్గం గారి వంటి వారి పెద్దల పలుకుబడే మీకు దారి చూపుతుంది. వారు ఒప్పుకుంటే, అచ్చుకు ఇచ్చే ముందు మగ్గం పని వచ్చే అధ్యాయాలను ఒకసారి వారి చేత చదివించండి.

గుంటమగ్గం

తప్పకుండా చదువుతానండీ. మా పెదనాన్న గారికి కూడా వినిపిస్తాను, పడుగుకు గంజి పెట్టే దృశ్యంలో పొరపాటుంటే ఆయన ఊరుకోరు. వేటపాలెం వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయండి, గుంట మగ్గం నడుస్తున్న ఇళ్ళు ఒకటి రెండు చూపిస్తాను.